ఎర్ర తొట్టిలో పోయిన రుచి

ప్యో దల్లే కుడి మణికట్టు ఎడమదానికంటే లావు. ఉన్‌గోక్ సంతలో ఆమెని ఎరగనివాళ్లకి ఆనవాలు చెప్పాల్సివస్తే ఆ మణికట్టే చెబుతారు. చల్లారిన అన్నం ఉన్న గిన్నెని ఎడమచేత్తో పట్టుకుని, కాగులోంచి గంటెడు వేడి రసం తీసి అన్నం మీద పోస్తుంది. మెతుకు జారకుండా గంటె అడ్డం పెట్టి ఆ రసాన్ని మళ్లీ కాగులోకే వంచేస్తుంది. మళ్లీ పోస్తుంది, మళ్లీ వంచుతుంది. అలా అయిదుసార్లు. అయిదోసారికి ప్రతి మెతుకూ లోపలిదాకా వేడెక్కుతుంది, రసం మాత్రం నాలుక కాలనంత వేడిలో నిలుస్తుంది. అప్పుడు మాంసం ముక్కలు పరిచి, ఉల్లికాడల తరుగు చల్లి, గిన్నెని బల్ల మీదకి తోస్తుంది. సంత రోజున రెండువందల గిన్నెలు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఇదే పని.

పశువుల సంత గేటుకి ఎదురుగా ఆరు బల్లల కొట్టు ఆమెది. చేసేది ఒక్కటే వంటకం, గోమ్‌తాంగ్. గొడ్డు రొమ్ము మాంసం, పిక్క మాంసం గంటల తరబడి కాచిన తేట రసం, అందులో అన్నం, పక్కన కారం పట్టించి పులియబెట్టిన ముల్లంగి కిమ్‌చీ. ఇంకేమైనా ఉందా అని అడిగితే వీధి అవతలి నూడుల్స్ కొట్టు వైపు గంటె చూపిస్తుంది. నాలుగు, తొమ్మిది అంకెలతో ముగిసే తేదీల్లో సంత. ఆ రోజుల్లో తెల్లవారకముందే గొడ్లు దిగుతాయి, తెల్లవారేసరికి బేరాలు అయిపోతాయి, ఆ వెంటనే దల్లే బల్లలు నిండిపోతాయి.

ఆమె పుట్టింది సముద్రపొడ్డున, ఉప్పుమళ్ల ఊళ్లో. ఇరవై రెండో ఏట కోడలిగా వచ్చేదాకా గొడ్డు మాంసం తిన్నది పెద్దల దినాలప్పుడు మాత్రమే, అదీ పలచటి రసంలో వేలి గోరంత ముక్క. వంట నేర్పింది అత్తగారు. నేర్పడమంటే చెప్పడం కాదు. తప్పు చేసినప్పుడు గంటె కాడతో మోచేతి మీద ఒకటి వేసేది, ఎందుకు వేసిందో తర్వాత కోడలే తెలుసుకోవాలి. ఆ అత్తగారు రోజూ చీకటితోనే లేచి ఇంటి వెనక పొయ్యి మీద గొడ్లకి కుడితి కాచేది. తరిగిన వరిగడ్డి, తవుడు, సోయా కాయల పొట్టు, బియ్యం కడిగిన నీళ్లు. ఆ పొయ్యి పొగే నేలకింది దారుల్లోంచి వెళ్లి మామగారి గదికి వెచ్చదనం ఇచ్చేది. కుడితి గొడ్ల ముందు పోసి, తల్లో ఇరుక్కున్న గడ్డిపరక తీయకుండానే కొట్టుకి వచ్చి, మాంసం తుడిచి కాగులో వేసేది. గొడ్డుకీ మనిషికీ వండింది ఒకే చెయ్యి.

ఆవిడ పోయి ఇరవై ఆరేళ్లయింది. అప్పటికే పొలాల్లో ట్రాక్టర్లు దిగాయి, దున్నే ఎద్దు కనబడడం మానేసింది. కొండకింద పొడుగాటి రేకుల షెడ్లు వచ్చాయి. గొడ్లు వాటిలో నిలబడ్డచోటే నిలబడి సంచుల్లో వచ్చే మొక్కజొన్న దాణా తిని బలిశాయి. వాటి మాంసం నిండా సన్నటి తెల్లటి కొవ్వు దారాలు. నిప్పుల మీద కాల్చుకు తినేవాళ్లకి అది పండగే. కాగులో మాత్రం దల్లేకి తంటా తెచ్చింది. రసం మీద నూనె దళసరిగా తేలేది, అడుగున తెల్లగా మసకేసేది, సంతకి వచ్చి తిన్నవాళ్లు కడుపులో బరువుగా ఉందనేవారు. దానికి తగ్గట్టు ఆమె పద్ధతి మార్చుకుంటూ పోయింది. ముందురోజే పెద్ద ఎర్ర రబ్బరు తొట్టిలో మాంసం నానబెట్టి, నెత్తురు దిగేదాకా నీళ్లు మార్చడం ఒకటి. ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోసి కొత్తనీళ్లు పోయడం ఇంకొకటి. కాచిన రసం చల్లార్చి, పైన పలకలా కట్టిన కొవ్వంతా ఎత్తి పారేయడం మరొకటి. మంట కాస్త పెద్దదైనా ఆ మాంసం ఓర్చుకునేది, లోపలి కొవ్వు దాన్ని మెత్తగానే ఉంచేది. ఇవేవీ ఒక్క ఏడాదిలో మొదలైనవి కావు. చెయ్యి తనంతట తను మారుతూ వచ్చింది. అందుకే మారినట్టు దల్లేకి తెలియలేదు.

నవంబరు మొదటివారంలో మన్‌సిక్ వచ్చాడు. భర్త అన్నగారి కొడుకు, నలభై నాలుగేళ్లవాడు, అయిదేళ్లుగా కొండ మీద ఆవుల్ని పెంచుతున్నాడు. భర్త పోయిన ఈ తొమ్మిదేళ్లలో కొట్టు కప్పు కారినా, నీళ్ల పంపు పాడైనా వచ్చి బాగుచేసేది వాడే. రెండు పెద్ద మూటలు బల్ల మీద పెట్టి విప్పాడు.

"పిన్నీ, తిడితే తిట్టు. ముందు ఒకసారి చూడు."

మాంసం ముదురు నేరేడు రంగులో ఉంది. లోపల తెల్లదారాలు వెతికినా దొరకవు. అంచున ఉన్న కొవ్వు మాత్రం కొర్రన్నం రంగులో పచ్చగా ఉంది.

"ఇదేంట్రా, కామెర్లు వచ్చిన ఆవా?"

"పచ్చగడ్డి పిన్నీ. కొండ మీద గడ్డి, అడవి తీగలు. మంచు పడ్డాక ఉడికిన కుడితి. అయిదేళ్లలో సంచి దాణా గింజ కూడా పెట్టలేదు."

"పదకొండేళ్లు లారీలో ఆ సంచులే మోశావు గదరా."

"మోశాను కాబట్టే."

మన్‌సిక్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆవేళ మాత్రం నిలబడే అంతా చెప్పాడు. కబేళాలో దీనికి అన్నిటికన్నా కింది గ్రేడు ముద్ర కొట్టారు. మాంసం కొట్టు ఆయన చూసి, ఇది గాజు పెట్టెలో పెడితే పక్కనున్నది కూడా ఎవరూ కొనరని తిప్పి పంపాడు. కొండ మీద ఇంకా నాలుగావులున్నాయి. కింద షెడ్డు యజమాని వాటిని అడుగుతున్నాడు. ఇరవై నాలుగున లారీ పంపుతానన్నాడు. ఆరునెలలు దాణా పెడితే కొవ్వు తెల్లబడుతుందట, మంచి ముద్ర పడుతుందట.

"పద్నాలుగో తేదీ సంతలో నీ కాగులో ఇది నిలబడితే పంపను. నిలబడకపోతే నాలుగూ ఎక్కించేస్తాను. కొండకి దణ్ణం పెట్టి మళ్లీ లారీ నడుపుకుంటా. నాకు ఇంకో దారి తోచట్లేదు."

దల్లే మాట ఇచ్చే మనిషి కాదు. వేలితో కొవ్వు నొక్కి చూసింది, వాసన చూసింది.

"పెట్టి వెళ్లు" అంది.

పదమూడో తేదీ ఆమె ఆ మాంసం మీద చూపించినంత శ్రద్ధ ఈ మధ్య దేని మీదా చూపించలేదు. రంగు మరీ ముదురుగా ఉంది గనక నెత్తురు ఎక్కువ ఉంటుందనుకుంది. మామూలుకన్నా ముందే, పొద్దున్నే తొట్టిలో వేసింది. నీళ్లు ఎర్రబడ్డ కొద్దీ మార్చింది, నాలుగుసార్లు. అయిదోసారి నీళ్లు తేటగా నిలిచాయి, మాంసం పాలిపోయింది. అప్పుడు తృప్తిపడింది. పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోసింది. కొత్తనీళ్లలో వేసి కాచింది. రెండు గంటలకి చూస్తే ముక్క ఇంకా బిర్రుగానే ఉంది, మంట పెంచింది. ఇంకా బిగిసింది, ఇంకా పెంచింది. దింపి చల్లార్చి, పచ్చటి కొవ్వు పలకంతా ఎత్తి డబ్బాలో పడేసింది.

వంటలో సాయం చేసే గుమ్‌జా ఉల్లికాడలు తరుగుతూ తల తిప్పి చూసింది. ఇరవయ్యేళ్లుగా ఆ కొట్టులో ఉన్న మనిషి, నోరు ఊరుకోదు.

"అక్కా, నీ పెళ్లినాడు కూడా నువ్వు ఇంత శుభ్రంగా స్నానం చేసి ఉండవు."

"తరుగు, తరుగు."

పద్నాలుగున తెల్లవారేసరికి మొదటి బల్ల దగ్గర ఎప్పటిలాగే తాక్ ముసలాయన కూర్చున్నాడు. ఎనభై రెండేళ్లు. ఒకప్పుడు ఈ సంతలో గొడ్ల బేరగాడు. గొడ్డు నోరు తెరిచి పళ్లు చూడకుండానే వయసు చెప్పేవాడని పేరు. ఇప్పుడు బేరాలు లేకపోయినా ప్రతి సంతకీ వస్తాడు, దల్లే కొట్టులో తింటాడు, ఏదో ఒక వంక పెట్టి వెళతాడు. ఆయన ముక్క నోట్లో పెట్టుకుని కుడిపక్క నమిలాడు, ఎడమపక్క నమిలాడు. చివరికి వేళ్లతో తీసి గిన్నె అంచున పెట్టాడు.

"దల్లే, ఆవుని వండమంటే ఆవుని కట్టిన తాడు వండావేంటమ్మా?"

పక్కబల్లలు గొల్లుమన్నాయి. ఇంకొకాయన రసం తాగి, ఇది రసం కాదు, గిన్నె కడిగిన నీళ్లలా ఉందన్నాడు. మొహమాటస్తులు అన్నం మాత్రం తిని వెళ్లారు. గిన్నెలు తిరిగివచ్చాయి, అడుగున ముక్కలతో.

మధ్యాహ్నానికి మన్‌సిక్ వచ్చేసరికి గిన్నెలు తొట్టి దగ్గర గుట్టగా ఉన్నాయి. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వాడు జాకెట్ విప్పి, చేతులు పైకి మడిచి, కూర్చుని గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. అడుగున ఉన్న ముక్కలన్నీ ఒక పళ్లెంలో వేరుగా పెట్టాడు.

"మాంసం అలాంటిదిరా. ఏం చేస్తాం" అంది దల్లే, వాడి వీపు చూస్తూ.

"అవును పిన్నీ. నీ తప్పేం ఉంది."

కడిగిన గిన్నెలన్నీ బోర్లించి, జాకెట్ తొడుక్కుని వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక కూడా ఆమె అన్న ఆ మాట ఆమెని వదల్లేదు. ముప్పై తొమ్మిదేళ్లలో ఏ మాంసం వచ్చినా దానిమీద తప్పు తోసేసిన రోజు ఆమెకి గుర్తులేదు. ముదురుదైతే ఇంకో గంట కాచేది, కొవ్వెక్కువైతే ఇంకోసారి ఎత్తేది. మరి ఇవాళ ఎందుకంది? తాక్ ముసలాయన మాటకి బల్లలన్నీ నవ్వాయి గనక అంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

మన్‌సిక్ తెచ్చినదాంట్లో సగం ఇంకా శీతల పెట్టెలో ఉంది. పదిహేడో తేదీ పొద్దున అందులోంచి ఒక తొడ ముక్క తీసి, సోయా రసంలో మగ్గబెట్టి పక్కనంజుగా వాడేద్దామని ఎర్ర తొట్టిలో నానవేసింది. గంటన్నర తర్వాత గుమ్‌జా నీళ్లు మార్చబోయి, తొట్టిని కాలువ వైపు వంచింది.

"ఆగు" అంది దల్లే.

ఎందుకు ఆగమందో ఆమెకే వెంటనే తెలియలేదు. ముక్కు ముందు పట్టుకుంది. రోజూ ఆ తొట్టిలోంచి వచ్చేది నీచువాసన. ఇప్పుడు వచ్చేది అది కాదు. తడిసిన ఎండుగడ్డిని ఎండలో తిరగేస్తే వచ్చే వాసన లాంటిదేదో, దాని వెనక కాస్త తియ్యదనం. చిన్న గిన్నెలో రెండు గంటెల ఎర్రనీళ్లు ముంచి పొయ్యి మీద పెట్టింది. కాగగానే ఎరుపంతా విరిగి మట్టిరంగు తెట్టుగా పైకి తేలింది. తెట్టు తీసేసింది. కింద బార్లీ నీళ్ల రంగులో తేటగా నిలిచింది. చిటికెడు ఉప్పు వేసి చెంచాతో నోట్లో పోసుకుంది. మళ్లీ చెంచా ముంచింది.

"గుమ్‌జా, ఒక చెంచా తాగు."

"మాంసం కడిగిన నీళ్లా? నీకేం అపకారం చేశాను అక్కా?"

"తాగు."

గుమ్‌జా ముక్కు మూసుకుని తాగింది. చెయ్యి ముక్కు మీంచి జారింది. అడక్కుండానే రెండో చెంచా తీసుకుంది.

"ఇది రసమే గదా. మరి మొన్న కాగులో ఉన్నదేంటి?"

"ఉతికిన గుడ్డ" అంది దల్లే.

గడపమీద కూర్చుని తొట్టినే చూస్తూ ఉండిపోయింది. రేకుల షెడ్లు లేచిన ఏడాది, ఇనుపసామాన్ల కొట్టులో దాన్ని తనే కొంది. అత్తగారి కాలంలో ఆ కొట్టులో తొట్టి లేదు. ఒక తెల్లగుడ్డ ఉండేది, తడిపి పిండి మేకుకి తగిలించినది. ఆవిడ దాంతో మాంసాన్ని నాలుగువైపులా తుడిచేది, పసిపిల్లకి ముఖం తుడిచినట్టు. అంతే, కాగులో వేసేది. ఒకసారి దల్లే కొత్తకోడలి అతిశుభ్రంతో మాంసాన్ని బకెట్లో ముంచబోతే మోచేతి మీద గంటె కాడ పడింది. ఎందుకు పడిందో అప్పుడు తెలుసుకోలేదు. తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

దాణా తిన్న గొడ్డు రుచి దాని కొవ్వులో ఉంటుంది. నీళ్లలో నానబెడితే నీచు పోతుంది, కొవ్వు ఎక్కడికీ పోదు. గడ్డి తిని, కొండెక్కి దిగిన గొడ్డులో ఆ కొవ్వు లేదు. దాని రుచంతా ఆ ఎర్రటి నీటిలోనే ఉంది. దాన్ని నాలుగుసార్లు కాలువలో పోసి, మిగిలిన పీచుని పెద్దమంట మీద కాచి, ఉన్న ఆ కాస్త పచ్చకొవ్వునీ డబ్బాలో పడేసింది. అంత శ్రద్ధగా వండింది గనకే అంత పాడైంది.

ఫోన్ తీసి మన్‌సిక్‌కి చేసింది.

"షెడ్డాయనతో మాట్లాడావా?"

"మాట్లాడాను పిన్నీ. నాలుగూ తీసుకెళ్లమన్నాను."

"పంతొమ్మిదిన వచ్చి ఇక్కడ తిను."

"వదిలెయ్ పిన్నీ. నా గొడ్ల కోసం నీ కొట్టు పేరు ఎందుకు పాడుచేసుకుంటావ్?"

"పేరు పాడు చేసుకున్నది నేను. గొడ్లని ఇందులోకి లాగకు. రా."

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం రెండు కాగులు పెట్టింది. ఒకదాంట్లో రోజువారీ మాంసం, రోజువారీ పద్ధతి. రెండోదాంట్లో మన్‌సిక్ తెచ్చిన మిగతా రొమ్ము, పిక్క. పాత దిండుగలేబు చింపి, తడిపి, పిండి, ఒక్కో ముక్కనీ తుడిచింది. చల్లనీళ్లలోనే వేసి సన్నమంట పెట్టింది. గంటకి తెట్టు మెల్లగా లేచింది. కొవ్వు గంటెలోకి రాకుండా, తెట్టు మాత్రమే తీసింది. నీటిమీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేస్తే చాలు, అంతకన్నా కదలిక వస్తే కట్టె వెనక్కి లాగింది. గుమ్‌జా రెండుసార్లు వచ్చి మంట ఆరిపోయిందేమోనని వంగి చూసింది.

"ఇలా కాస్తే ఉడికేది ఎప్పుడక్కా, నాకు మనవలు పుట్టాకా?"

"వాళ్లకీ ఒక గిన్నె ఉంచుదాం."

అయిదుగంటలు పట్టింది. పుల్ల గుచ్చితే కొంచెం పట్టి, ఆ తర్వాత దిగింది. మాంసం బయటికి తీయలేదు, ఆ రసంలోనే చల్లారనిచ్చింది. తెల్లవారుజామున మూత తీస్తే పైన పచ్చటి కొవ్వు పలచగా, వెన్న రేకులా ఉంది. దాన్ని ఎత్తి చిన్నగిన్నెలో పెట్టుకుంది. మాంసాన్ని పీచుకి అడ్డంగా, మామూలు ముక్కలో సగం మందాన కోసింది.

బేరాలు ముగిసి జనం బల్లల దగ్గరికి చేరారు. దల్లే కాగు దగ్గర నిలబడి, తాక్ ముసలాయనతోనే, కానీ ఆరు బల్లలకీ వినబడేలా అంది:

"బాబాయ్, మొన్న నువ్వు తాడన్నది మాంసం కాదు. నా చెయ్యి. వండడం తెలియక పాడుచేశాను. మన్‌సిక్ ఆవులో లోపం లేదు. ఇవాళ మళ్లీ వండాను. కావలసినవాళ్లు తినండి, వద్దనుకుంటే పక్క కాగులో రోజూ ఉండేదే ఉంది."

గిన్నెలు కడిగే చోట నిలబడ్డ మన్‌సిక్ తల దించుకున్నాడు.

"ముప్పై తొమ్మిదేళ్లలో ఉప్పెక్కువైందన్నా ఒప్పుకోలేదు ఈవిడ" అన్నాడు ముసలాయన బల్లల వైపు తిరిగి. "ఇవాళ ఒంట్లో బాగాలేనట్టుంది."

"ఉప్పు ఎప్పుడూ ఎక్కువ కాలేదు బాబాయ్. నీకేది పోయాలి?"

"రెండో కాగులోది పొయ్యమ్మా. ఇంకో పన్ను మిగిలింది, అది కూడా పోతే పోతుంది."

ఆమె అయిదుసార్లు పోసి వంచింది. ముక్కలు పరిచింది. చివర్లో పచ్చకొవ్వు అర చెంచా పైన వేసింది, అది కరిగి రసం మీద చిన్నచిన్న బంగారు చుక్కలై విడిపోయింది. ముసలాయన ముందు రసం తాగాడు. తర్వాత ముక్క. నమిలాడు. ఈసారి వేళ్లు నోటి దగ్గరికి పోలేదు. గిన్నె సగమయ్యేదాకా తల ఎత్తలేదు. అప్పుడు కూడా ఎత్తింది, "ఇంకాస్త అన్నం" అనడానికే.

"నమలాల్సి వస్తోంది" అన్నాడు చివరికి. "కానీ నమిలితే ఏదో వస్తోంది. ఇప్పటి మాంసం నమిలేలోపలే అయిపోతుంది. ఒరే మన్‌సిక్, ఈ ఆవు మాచిపత్రి మేసింది, నాకు తెలుస్తోంది."

"మా కొండమీద మాచిపత్రి లేదు తాతా."

"అయితే నీకు తెలియకుండా ఎక్కడికో పోయి మేసింది."

బల్లలు నవ్వాయి. ఆ నవ్వుతోనే ఇంకో నలుగురు రెండో కాగు అడిగారు. అందరికీ నచ్చిందని చెబితే అబద్ధం. పట్నం నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు గడ్డి వాసన వస్తోందని సగంలో ఆపేశారు. దల్లే ఆ గిన్నె తీసి, మొదటి కాగులోంచి వేరే గిన్నె పోసిచ్చింది. వాళ్లది తప్పని ఆమె అనుకోలేదు. వాళ్ల నాలుకకి తెలిసిన రుచి వేరు. మాంసం కొట్టు ఆయన కూడా వచ్చి తిన్నాడు. బాగుందన్నాడు, అయినా గాజు పెట్టెలో పెట్టనన్నాడు. మొత్తం నలభై మూడు గిన్నెలకి రెండో కాగు ఖాళీ అయింది. తిరిగివచ్చిన గిన్నెల్లో నాలుగయిదింట తప్ప అడుగున ముక్క లేదు.

ఆఖరి గిన్నె ఆమె మన్‌సిక్ కోసం ఉంచింది. వాడు గిన్నెలు కడిగే ముక్కాలిపీట మీద కూర్చుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"చెవికి నీలం చీటీ ఉన్న ఆవు పిన్నీ. కుడితి పోస్తే ముందు తవుడంతా పీల్చేసి, గడ్డి తర్వాత తీరిగ్గా నమిలేది."

"చల్లారుతోంది, తిను."

తిన్నాడు. మొత్తం తిన్నాడు, గిన్నె పైకెత్తి రసం చివరిచుక్కదాకా తాగాడు. తర్వాత ముఖం తుడుచుకుంటూ చాలాసేపు తువ్వాలు తీయలేదు.

"నా రెండో కాగుకి మూడునెలలకొక ఆవు చాలు" అంది దల్లే, బల్ల తుడుస్తూ. "రొమ్ము, పిక్క, తొడ, తల మాంసం, ఎముకలు, అన్నీ నేనే తీసుకుంటా. నడుం ముక్కల సంగతి నువ్వే చూసుకోవాలి. కాల్చడం నాకు రాదు."

"షెడ్డాయనకి మాటిచ్చేశాను పిన్నీ. లారీ వస్తుంది."

"నాలుగింట్లో నీ మాట వినని ఆవు లేదా?"

మన్‌సిక్ ఆలోచించాడు. "తన్నేది ఒకటుంది. పోయిన నెల నా మోకాలి మీద తన్నింది."

"దాన్ని ఎక్కించు. ఆయన లారీ ఖాళీగా పోదు, నీ మోకాలూ మిగులుతుంది."

ఇరవై నాలుగున లారీ వచ్చింది. తన్నే ఆవు ఒక్కటే ఎక్కింది. షెడ్డు యజమాని చాలా మాటలన్నాడట. మన్‌సిక్ వాటిని ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు దల్లే కొట్టు మూసింది. పెద్దల దినాలకీ పండగలకీ తప్ప ఆమె కొట్టు మూయడం ఎవరూ చూడలేదు. ఎర్ర తొట్టిని నూడుల్స్ కొట్టుకి ఇచ్చేస్తుందని గుమ్‌జా అనుకుంది గానీ, ఇవ్వలేదు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది, మొదటి కాగు మాంసానికి. రెండో కాగు పక్కన మాత్రం ఒక మేకు కొట్టి తెల్లగుడ్డ తగిలించింది.

కొండదారి నిట్టనిలువు. మోకాళ్లు పట్టుకుంటూ, ఆగి ఆగి ఎక్కేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. రాత్రి మొదటి మంచు పడింది. పాక వెనక ఇనుప కాగులో కుడితి ఉడుకుతోంది, మూత సందుల్లోంచి ఆవిరి. మూడావులూ గాడి ముందు నిలబడి అటే చూస్తున్నాయి. మన్‌సిక్ కర్రతో కలుపుతూ పిన్నిని చూసి తెల్లబోయాడు.

"నడిచే వచ్చావా? ఫోన్ చేస్తే దింపేవాణ్ణి గదా."

కాగు దగ్గరికి వెళ్లి మూత పక్కకి జరిపింది. ఆవిరి ముఖానికి కొట్టగానే కళ్లు మూసుకుంది. వరిగడ్డి, తవుడు, సోయా పొట్టు. ఇరవై ఆరేళ్లుగా ఎక్కడా తగలని వాసన. గోడకి ఆనించిన డబ్బాలోంచి పొట్టు గుప్పెడు తీసి వేళ్లమధ్య నలిపి చూసింది, ఒక పొల్లుకాయ నోట్లో వేసుకుని నమిలింది. తర్వాత కర్ర వాడి చేతిలోంచి తీసుకుని, కొసని అంటిన కుడితిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు వేశావా?"

"పిన్నీ, అది గొడ్లకి."

"తెలుసు. వేశావా, లేదా?"

"...లేదు."

"మీ నాయనమ్మ గుప్పెడు వేసేది. కల్లుప్పు ఎక్కడుంది?"

వాడు తీసుకురావడానికి పాకలోకి పరిగెత్తాడు. దల్లే చలికి కోటు బిగించుకుని, లావాటి మణికట్టుతో కర్ర పట్టుకుని కలపసాగింది. అడుగు అంటకుండా, మెల్లగా.